సర్వేలో నేనున్న ఒక్క ఏడాది

సిడ్నీలో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చదివే రోజుల్లో గిరావీన్‌లో ఒక ఆంటీ వాళ్ళింట్లో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆ ఇంటి అమ్మాయంటే నాకున్నంత కుళ్ళు లోకంలో మరెవరి మీదా లేదు. ఆమె కారు చూసో, ఆమె జుట్టు చూసో పుట్టింది కాదది. ఎలా ఉన్నావని అడగడానికి ఏటా ఒక మనిషి ఆమె ఇంటికి వచ్చేవారు. అదీ నా బాధ.

ఆ ఇల్లు ఒక సర్వేలో ఉంది. ఎన్నో ఏళ్ళుగా అవే కుటుంబాల దగ్గరికి ఏటా మనిషిని పంపి అడుగుతారు. ఉద్యోగం మారిందా, ఇంటి ఖర్చు భారమైందా, నిద్ర పడుతోందా, ఒంటరిగా అనిపిస్తోందా అని. బతుకులో వచ్చే మార్పులు ఒంట్లోకి ఎలా దిగుతాయో ఏళ్ళ తరబడి చూస్తారన్నమాట. వీళ్ళు అందులో చేరేనాటికి ఆ అమ్మాయి చిన్న క్లాసులో ఉంది. నేను వెళ్ళేసరికి యూనివర్సిటీకి వచ్చింది. అంటే ఆమెకు పళ్ళూడి మళ్ళీ మొలిచినప్పటి నుంచీ ఆమె క్షేమం ఒక చోట భద్రంగా రాసి ఉంది. నా క్షేమం మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు, అదీ ఫోన్లో నేను చెప్పినంత మేరకే.

నేనున్న ఏడు సర్వే ఆవిడ ఒక శనివారం వచ్చింది. తెల్లావిడ, పెద్ద వయసు, మెడలో కార్డు, చేతిలో టాబ్లెట్. ఆంటీ టీ ఇచ్చి, చెక్కలు పెట్టి, మొహమాటపెట్టి ఇంకో రెండు వేసింది. ప్రశ్నలకు ముందు ఆవిడ ఇంట్లో ఎవరెవరుంటున్నారో, ఎవరికి ఎవరేమవుతారో అడిగి తెలుసుకోవాలి. ఆంటీ అంకుల్ పేరు చెప్పింది, కూతురి పేరు చెప్పింది. తర్వాత ఆవిడ నా వైపు చూసింది.

అప్పటికి నేను చేరి చాలా నెలలైంది. చర్చిలో ఎవరెదురైనా ఆంటీ నా భుజం మీద చెయ్యేసి "మా పెద్దమ్మాయండీ" అనేది. బాపట్ల నుంచి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేస్తే నాకిచ్చి "పిన్నితో మాట్లాడు" అనేది. నాకూ అలవాటైపోయింది. అందుకని ఆంటీ ఏమంటుందోనని చెక్క నోట్లో పెట్టుకుని హాయిగా కూర్చున్నాను.

"షీ ఈజ్ అవర్ పేయింగ్ గెస్ట్," అంది ఆంటీ.

అబద్ధం కాదు. అద్దె ఇస్తూనే ఉన్నాను. ప్రభుత్వం మనిషి ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఆంటీ అనుకుని ఉంటుంది, మనవాళ్ళకు టాబ్లెట్ పట్టుకున్న ప్రతివాళ్ళూ ప్రభుత్వమే. అయినా మిగిలిన చెక్కను పళ్ళెంలో పెట్టేశాను. పక్కన సోఫాలో కాళ్ళు ముడుచుకుని ఫోన్ చూసుకుంటున్న అమ్మాయి తలైనా ఎత్తలేదు. కూతురికి తను కూతురినని రుజువు చేసుకునే పనేముంది.

ఒక్కొక్కరినీ విడిగా అడగాలట. నా వంతు వచ్చినప్పుడు నా గదిలోనే తలుపు వేసుకుని కూర్చున్నాం. గడిచిన నెల రోజుల్లో ఎన్నిసార్లు దిగులేసింది, మనసులో మాట చెప్పుకునేందుకు ఎవరున్నారు అని అడిగింది. అడిగి ఆగేది. నాకు ఆ ఆగడమే కొత్త. ఇంటి నుంచి ఫోన్ వస్తే తిన్నావా, చదువుతున్నావా అని అడిగి, జవాబు వినకుండానే పక్కవాళ్ళకు ఫోన్ ఇచ్చేస్తారు. ఇక్కడ ఒక పెద్ద మనిషి నా జవాబు కోసం వేలు గాల్లో ఆపి ఎదురుచూస్తోంది. అన్నీ నిజమే చెప్పాను. ఏడుపు వచ్చిన రోజులు కూడా చెప్పాను. బయటికి వచ్చాక ఒళ్ళు తేలికైంది.

తర్వాత అమ్మాయి వంతు. లేస్తూ లేస్తూ "మమ్, దిస్ ఈజ్ సో బోరింగ్. లాస్ట్ ఇయర్ చెప్పిందే మళ్ళీ వేసుకోమనొచ్చుగా," అంది. వచ్చిన సగం తెలుగూ ఆ మాటకే పనికొచ్చింది మహాతల్లికి. లెంపకాయ వేద్దామన్నంత మంటెక్కింది నాకు. తినడానికి లేనివాడి ముందు పళ్ళెం తోసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

కొన్ని వారాల తర్వాత క్లాసులో ఇలాంటి సర్వేల గురించే పాఠం వచ్చింది. మొదట్లో ఆ ఇంట్లో ఉన్నవాళ్ళను జీవితాంతం వదలరట. ఇల్లు మారినా, ఊరు మారినా, పెళ్ళి చేసుకుని పెర్త్ వెళ్ళినా వెతుక్కుంటూ వెళ్తారట. తర్వాత వచ్చి చేరినవాళ్ళను మాత్రం ఆ కప్పు కింద ఉన్నన్నాళ్ళే అడుగుతారట. వెళ్ళిపోతే అంతే. ఒకే ఒక్క దారుంది, మొదటివాళ్ళతో బిడ్డను కంటే మనమూ శాశ్వతమేనని లెక్చరర్ చెబితే క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆంటీకి కొడుకు లేడన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదంటే అబద్ధం.

ఆ తర్వాత ఇంటి లోన్ల మీద వడ్డీలు పెరిగాయి. ఆంటీ వృద్ధాశ్రమంలో అదనపు షిఫ్టులకు వెళ్ళడం మొదలెట్టింది. ఒక రోజు చపాతీ పిండి కలుపుతూ, నా మొహం చూడకుండా, గది అద్దె పెంచక తప్పట్లేదని చెప్పింది. నేను తప్పు పట్టలేదు. వెస్ట్‌మీడ్‌లో నలుగురమ్మాయిలు ఉన్న ఫ్లాట్‌కు మారాను. హాల్లో పరదా కట్టుకుని, పరదా వెనక పరుపు వేసుకున్నాను. వెళ్ళేరోజు ఆంటీ ఉసిరికాయ పచ్చడి కట్టిచ్చి కళ్ళు తుడుచుకుంది.

ఆ ఏడే నాకు అన్నీ జరిగాయి. నేను పనిచేసే కేఫ్‌లో షిఫ్టులు తగ్గించారు. తిండి తగ్గించాను. నిద్ర దానంతటదే తగ్గింది. ఒక పొద్దున స్టేషన్ ప్లాట్‌ఫాం మీద కళ్ళు తిరిగి పడిపోతే ఎవరో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రక్తం లేదని ఐరన్ ఎక్కించారు. బతుకు మారితే ఒళ్ళు ఏమవుతుందో తెలుసుకోవాలనుకునే సర్వేకి నాకంటే మంచి మనిషి దొరకదు. సరిగ్గా అప్పుడే నేను అందులో లేను.

మళ్ళీ సర్వే ఆవిడ వచ్చే శనివారం ఏదో కనుక్కుని మరీ వెళ్ళాను. ఆంటీ కుక్కర్ తిరిగివ్వాలన్నది వంక. వెళ్ళేసరికి నా గది తలుపు మూసి ఉంది. ఆ గదిలో ఇప్పుడు నర్సింగ్ చదివే అమ్మాయి ఉంటోంది. నా కుర్చీలో కూర్చుని నా ప్రశ్నలకు తను జవాబులు చెబుతోంది. మొహం కూడా చూడకుండానే ఆ పిల్లంటే నాకు అసహ్యం పుట్టింది.

అందరి వంతూ అయ్యాక ఆవిడ టాబ్లెట్ సంచిలో పెట్టుకుంటూ నన్ను గుర్తుపట్టింది. నిన్ను అడగడానికి లేదమ్మా, ఇక్కడ ఉండట్లేదుగా అని నొచ్చుకుంది. లేచి వెళ్ళబోతూ, మర్యాద కోసమే, ఎలా ఉన్నావని అడిగింది. అడిగి, అలవాటు కొద్దీ ఆగింది.

ఆ ఆగడంలో మొత్తం చెప్పేశాను. షిఫ్టులు, పరదా, ప్లాట్‌ఫాం, ఐరన్ సీసా, అన్నీ. ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని కదలకుండా విన్నది. ఒక్క ముక్క కూడా సర్వేలోకి ఎక్కలేదు. చివరికి నా చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది.

తలుపు వేసి వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో ఆంటీ ఉంది. చేతిలో గరిటె.

"ఏడాది పైన నా చేతి కూడు తిన్నావే. అంత జరిగితే నాకు ఒక్క ఫోన్ చెయ్యాలనిపించలేదా? ఎవరో దారినపోయే ఆవిడకి చెప్తావా?"

ఆ గొంతులో ఉన్నది కోపమొక్కటే కాదు. ఆ రెండోదాన్ని, ఆ కుళ్ళుని, నేను పోల్చుకోగలను, ఏడాదిగా నాతోనే కాపురం చేస్తోంది.

"మీరడగలేదు కదాంటీ," అన్నాను.

ఆంటీ లోపలికెళ్ళి స్టవ్ ఆపింది. చెయ్యి చీరకు తుడుచుకుంటూ వచ్చి, సర్వే ఆవిడ లేచిన కుర్చీలో నాకెదురుగా కూర్చుంది.

"సరే. ఇప్పుడడుగుతున్నా. ఎలా ఉన్నావు? చెప్పు."

అడిగి, ఆగింది. సోఫాలో అమ్మాయి ఫోన్ దించి నన్నే చూస్తోంది, అదీ మొదటిసారి.

"బాగానే ఉన్నానాంటీ," అన్నాను.