టైలరు మామకు పెట్టిన పరీక్ష

ప్రొద్దుటూరులో మా డిగ్రీ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేది నేనొక్కడినే. పంతొమ్మిదేళ్ళుగా అదే గది, అవే పాఠాలు. పరిశోధన అని చెప్పుకోవడానికి నా పీహెచ్‌డీ పుస్తకం ఒక్కటే ఉంది. దాన్ని నేను తప్ప ఇంకెవరూ చదివినట్టు లేదు. అందుకే ఒకరోజు ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి ఒక ప్రకటన చేతిలో పెట్టినప్పుడు అక్కడే నిలబడి దాన్ని చివరిదాకా చదివాను. మెదడు, ప్రవర్తన, ఆరోగ్యం, ఈ మూడూ కలిసే అంశాల మీద పరిశోధన చేసేవాళ్ళకు కేంద్ర ప్రభుత్వ విభాగం ఒకటి నిధులు ఇస్తుందట. చిన్న ఊళ్ళ కాలేజీలకు ప్రాధాన్యం ఉంటుందట.

"మన దగ్గర దరఖాస్తు పెట్టగలిగేది మీరే సార్" అన్నాడాయన. "వచ్చిందంటే కాలేజీకి పేరు. మీకు ప్రమోషన్."

అంశం కోసం నేను పెద్దగా వెతుక్కోలేదు. అంతకు ముందు పులివెందుల ఆసుపత్రిలో మా చిన్నాన్నకు తోడుగా ఉన్నప్పుడు చూసిన దృశ్యం ఒకటి మనసులో ఉండిపోయింది. పక్క మంచం మీద గొర్రెలు కాసుకునే ముసలాయన. ఒక అమ్మాయి వచ్చి కాగితం చూస్తూ, "ప్రస్తుతం మీరు ఏ ప్రదేశంలో ఉన్నారు?" అని అడిగింది. ఆయన బిత్తరపోయి, "ఏందంటాండావు తల్లీ?" అన్నాడు. ఆ అమ్మాయి సున్నా వేసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్ళింది. "యాడుండావప్పా ఇప్పుడు?" అని అడిగి ఉంటే, ఆయన ఆసుపత్రి పేరుతో పాటు ఏ బస్సెక్కి వచ్చిందీ చెప్పేవాడు. పెద్దవాళ్ళ మతిమరుపును కనిపెట్టే పరీక్షను మా సీమ మాటల్లో తయారు చేయాలి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పెద్దవాళ్ళ మీద దాన్ని సరిచూడాలి. ఇదీ నా ప్రతిపాదన. అది మంచి ఆలోచన అని ఇప్పటికీ అనుకుంటాను. నేను సిగ్గుపడేది దాని గురించి కాదు.

దరఖాస్తులో 'ప్రాథమిక ఫలితాలు' అని ఒక భాగం ఉంది. పరీక్షను ముందుగా కొద్దిమందికి పెట్టి చూసి, ఏం తేలిందో రాయాలి. నేను తొమ్మిది మందికి పెట్టాను. అందరూ ప్రొద్దుటూరులో తెలిసినవాళ్ళే. రిటైరైన టీచర్లు, మా వీధి కిరాణా కొట్టు ఆయన, ఆయన భార్య. తొమ్మిది మందీ చక్కగా జవాబులు చెప్పారు. అందరూ పాసైతే పరీక్ష పని చేస్తుందని నిరూపించేదెట్లా? తప్పు చెప్పే మనిషి ఒక్కరైనా నాకు కావాలి. ఆ రోజుల్లో నా బుర్రలో తిరిగింది సరిగ్గా ఈ మాటే.

అప్పుడు జమ్మలమడుగు టైలరు మామ గుర్తొచ్చాడు.

ఇంటర్ చదివేటప్పుడు జమ్మలమడుగులో ఆయన అంగడి మీద గదిలో రెండేళ్ళు అద్దెకున్నాను. ఆయన్ను మామా అనీ, ఆయన భార్యను అత్తా అనీ పిలిచేవాణ్ణి. అత్త నన్ను అబ్బీ అనేది. పరీక్షల రోజుల్లో పైకి అన్నం పంపేది. మామ కత్తెర పడితే చూడ్డానికి పక్క అంగళ్ళవాళ్ళు వచ్చి నిలబడేవాళ్ళు. సుద్దగీత లేకుండా గుడ్డ కత్తిరించేవాడు. అలాంటి మనిషి ఈ మధ్య ఒకాయన చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపువి కుట్టాడని, ఇంకొకాయన ప్యాంటు గుడ్డ ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడని మా బంధువు ఒకడు నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. అయ్యో అనీ అనుకోలేదు. దరఖాస్తు గడువు ఎప్పుడా అని లెక్క చూసుకున్నాను.

గడువు ఇంక ఒక్కరోజే ఉందనగా పొద్దున బస్సెక్కి జమ్మలమడుగు పోయాను. అంగట్లో మామ మిషను ముందు కూర్చుని ఉన్నాడు. అత్త పక్కన కాజాలు కుడుతోంది. బల్ల మీద ఏదో ప్రైవేటు స్కూలు పిల్లల యూనిఫారాల గుడ్డ తానులుగా పేర్చి ఉంది. ఆ స్కూలు నుంచి వచ్చిన మనిషొకడు, ఇంకో ఇద్దరు గిరాకీలు బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

నన్ను చూసి మామ ముఖం వెలిగింది. పేరు మాత్రం పలకలేదు. "రా అప్పా, రా" అన్నాడు. నేను వచ్చిన పని చెప్పాను. ప్రభుత్వానికి పంపే పరీక్ష, పది నిమిషాల పని అన్నాను. అత్త చేతిలో సూది ఆగిపోయింది. లేచి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అబ్బీ, ఈడ అడగాకు. సాయంత్రం ఇంటికి రా. ఏం కావాల్నో నేను చెప్తా" అంది.

ఆమె ఎందుకలా అంటోందో నాకు తెలుసు. భర్త మరిచిపోయే కొలతలన్నీ ఆమే గుర్తుపెట్టుకుంటోందని, గిరాకీలు అడిగితే ముందుగా ఆమే జవాబు చెబుతోందని అక్కడ కూర్చున్న ఐదు నిమిషాల్లోనే నాకు అర్థమైంది. నేను చదువుకున్నదే ఆ విద్య. కానీ సాయంత్రం దాకా ఉంటే రాత్రికి దరఖాస్తు పూర్తి కాదు.

"ఏం లేదత్తా, ఊరికే నాలుగు మాటలు" అన్నాను.

మామ ఛాతీ విరుచుకుని, "అడగనీయ్ లే. గవర్మెంటోళ్ళు మనల్ని అడిగేదే గొప్ప. అడుగప్పా" అన్నాడు.

అడిగాను. ముందు మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాను. నిమ్మకాయ, చెంబు, తలుపు. తర్వాత ఈ రోజు ఏ వారమని అడిగాను. ఆయన అలవాటుగా అత్త వైపు చూశాడు.

"ఆమెను చూడగూడదు మామా. నువ్వే చెప్పాల" అన్నాను.

శుక్రవారమన్నాడు. ఆ రోజు మంగళవారం. బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఏ నెల అంటే రంజాను ఎప్పుడో పోయింది కదా అని ఏదో గొణిగాడు. ఇందాక చెప్పిన మూడు మాటలేంటి మామా అన్నాను. ఆయన కత్తెర తీసి పట్టుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది. చివరికి, "ఏ మాటలు?" అన్నాడు.

నేను తలొంచుకుని రాసుకుంటున్నాను. నాకు లోపల కలిగింది జాలి కాదు. దొరికింది అనే సంబరం. అందరి ఎదుటా ఒక మనిషి గౌరవం పోతుంటే నేను అంకెలు వేసుకుంటున్నాను.

అత్త నా చేతిలో కాగితం వైపు చూసింది. "అయిపోయిందా?" అని అడిగింది. అయిపోయిందన్నాను. "సరే, పో" అంది. టీ తాగిపొమ్మని అనలేదు.

ఆ రాత్రి దరఖాస్తులో మామ గురించి ఒక పేరా రాశాను. పేరు రాయలేదు. సుద్దగీత లేకుండా గుడ్డ కత్తిరించగలిగే చేతులు, నెల పేరు చెప్పలేని జ్ఞాపకం, రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో ఇంగ్లీషులో అందంగా రాశాను. రాసి రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

ఎండాకాలంలో ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ప్రిన్సిపాల్ గారి గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. అవతల ఐదుగురు. అందరికీ ఆ టైలరు పేరా నచ్చిందని మొదట్లోనే చెప్పారు. చివర్లో ఒక డాక్టరమ్మ అద్దాలు సరిచేసుకుంటూ అడిగింది: "ఆ టైలరును తర్వాత ఎవరికైనా చూపించారా?"

ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "చూపించాం మేడమ్. కడప పెద్దాసుపత్రికి పంపించాం" అన్నాను.

"మంచి పని చేశారు" అందామె.

వానలు మొదలయ్యాక మంజూరు ఉత్తరం వచ్చింది. కాలేజీలో స్వీట్లు పంచారు. పేపర్లో నా ఫొటో వేశారు. ఆ ఉత్తరం వెనక షరతుల్లో ఒకటి మాత్రం నాకు అడ్డం పడింది. ముందస్తు పరీక్షలో లోపం కనిపించినవారిని ఆసుపత్రికి పంపినట్టు కాగితం జత చేయాలి.

కాబట్టి నేను జమ్మలమడుగు మళ్ళీ పోయింది మామ కోసం కాదు, కాగితం కోసం.

అంగడి మూసి ఉంది. ఇల్లు ఆ వెనక సందులోనే. అత్త వాకిట్లో మిషను వేసుకుని జాకెట్లు కుడుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏం సారూ, ఇట్లొస్తివి?" అంది. అబ్బీ అనలేదు.

నేను నసుగుతూ, మామను డాక్టరుకు చూపిద్దామని వచ్చానన్నాను. ఆమె కుడుతున్న జాకెట్టు అంచు దాకా మిషను తొక్కింది. తర్వాత ఆపి మాట్లాడింది.

"నువ్వు పోయిన మర్నాడే స్కూలోళ్ళొచ్చి గుడ్డంతా ఎత్తుకపోయినారు. ఏండ్లుగా మా కాడ కుట్టించినోళ్ళు. ఆయన మతి బాగలేదంట గదా, పిల్లోళ్ళ కొలతలు తప్పితే ఎవురు పడ్తారన్న్యారు. నేనుండా గదా అంటి. వినలా. ఊరంతా ఒకటే మాట. ఆయప్ప అంగడికి రానన్న్యాడు. ఆ పొద్దు నుంచి బయట అడుగు పెట్టలా. ఈడ అడగాకని చెప్తిని గదా సారూ నీకు. చెప్తినా లేదా?"

"చెప్పినావత్తా."

"మరెందుకడిగితివి?"

నా కాళ్ళ కింద బండలు చూస్తూ నిలబడ్డాను. ఆమె ఏడవలేదు, తిట్టనూ లేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేదేమో.

మూడో రోజు కారు మాట్లాడుకొచ్చి ఇద్దరినీ కడపకు తీసుకుపోయాను. మామ దారి పొడుగునా కిటికీలోంచి బయటకే చూశాడు. రక్తపరీక్షలు, తల స్కానింగు చేయించారు. సాయంత్రం డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఒంట్లో బీ12 విటమిన్ బాగా తగ్గిపోయింది, థైరాయిడ్ కూడా తక్కువగా ఉంది. వీటివల్ల వచ్చిన మరుపుకు మందులున్నాయి. అయితే ఇలాంటివి ఎంత తొందరగా పట్టుకుంటే అంత మేలు. ఇప్పుడు ఎంతవరకు వెనక్కి వస్తుందో చెప్పలేనన్నాడు.

"మొదట గమనించింది ఎవరు?" అని అడిగాడు.

అత్త నన్ను చూపించింది. "ఈ సారే. చలికాలంలో. కాయితం మీద రాసుకోని పోయినాడు."

డాక్టరు నా వైపు తిరిగాడు. "చలికాలంలోనా? మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు మీరు?"

ఆసుపత్రి చీటీ చేతికిచ్చారు. నాకు కావలసిన కాగితం అదే. దాని మీద తేదీ స్పష్టంగా ఉంది. దాన్ని జత చేస్తే నా అబద్ధం బయటపడుతుంది. చేయకపోతే షరతు తప్పినట్టు. వారం రోజులు దాన్ని సొరుగులో పెట్టుకుని తిరిగాను. తేదీ కనిపించకుండా జిరాక్సు తీస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. జిరాక్సు అంగడి దాకా పోయి వెనక్కి వచ్చాను.

చివరికి ఆ చీటీతో పాటు జరిగిందంతా రాసి విభాగానికి పంపాను. అంగట్లో అందరి ముందు అడిగింది, ఆమె వద్దన్నా వినంది, ఇంటర్వ్యూలో అబద్ధమాడింది, అన్నీ. ప్రిన్సిపాల్ గారు తల పట్టుకున్నాడు. "ఎవరడిగారు సార్ మిమ్మల్ని ఇదంతా?" అన్నాడు. ప్రాజెక్టు కొన్ని నెలలు ఆగింది. తర్వాత ప్రధాన పరిశోధకుడిగా నా పేరు తీసేసి, కడపలో పని చేసే ఒక డాక్టరును పెట్టారు. నన్ను పరీక్షలు పెట్టే పనిలో ఉండనిచ్చారు. పరీక్ష ఇంట్లోనే పెట్టాలి, పక్కన ఎవరూ ఉండకూడదు, తేడా కనిపిస్తే వారంలోగా డాక్టరు చూడాలి, దానికయ్యే ఖర్చు నిధుల్లోంచే ఇవ్వాలి అని కొత్త నియమాలు రాశారు. ప్రమోషన్ మాట ఇంకెవరూ ఎత్తలేదు.

సాటి లెక్చరర్లు కొందరు నా నిజాయితీని మెచ్చుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా చెవులు కాలిపోయేవి. అది నిజాయితీ కాదు. ఇరుక్కున్నాక వేరే దారిలేక చెప్పిన నిజం.

సూదులు, మాత్రలు మొదలయ్యాక మామకు కొంత నయమైంది. వారాలు, నెలలు గుర్తుంటున్నాయి. గిరాకీల పేర్లు చెబుతున్నాడు. కానీ అంగడి మళ్ళీ తెరవలేదు. ఇంట్లోనే అత్త కత్తిరించి ఇచ్చిన జాకెట్లకు హుక్కులు కుడుతున్నాడు. మందులు తీసుకుని నెలకోసారి పోతాను. నా గొంతు వినబడగానే ఆయన చేతిలో పని పక్కన పెట్టి లోపలి గదిలోకి వెళ్ళిపోతాడు. ఒకసారి అత్తే అంది: "నీ మీద కోపం గాదులే. నిన్ను చూస్తే ఆ పొద్దు గుర్తొస్తాదంట. శానా మర్సిపోయినాడు గానీ అది మర్సిపోల్యా."

ఈ మధ్య పులివెందుల దగ్గర ఒక పల్లెలో పరీక్షలు పెడుతున్నాం. గొర్రెలున్న ఇల్లు, చీనీ బత్తాయిల తోట పక్కనే. డెబ్బై దాటిన అవ్వ ఒకామె. నేను నా పని చెప్పి, ఇష్టమైతేనే, లేకపోతే లేదన్నాను. ఆమె నా ముఖం పరీక్షగా చూసి, "నేను చెప్పలేకపోతే ఏంచేస్తావు నాయనా?" అని అడిగింది.

"డాక్టరు కాడికి నేనే పిలుచుకపోతానవ్వా. ఊర్లో ఎవురికీ చెప్పను" అన్నాను.

"నీ మాట నమ్మొచ్చునా?"

నమ్మొచ్చు అనలేదు నేను. మా ప్రాజెక్టు డాక్టరు ఫోన్ నంబరు రాసిచ్చి, మీ ఇంట్లోవాళ్ళ చేత ముందు ఆయనతో మాట్లాడించుకోమన్నాను. ఆమె ఆ చీటీ తీసుకుని, కోడలిని పిలిచి చేతికిచ్చింది. "రేపు రా. మాట్లాడి చెప్తాం" అంది.

సరేనని లేచి రోడ్డు మీదికొచ్చి బస్సు కోసం నిలబడ్డాను.