సొచ్చేదాకా రోహిణే

మహబూబ్‌నగర్‌లో రైతుల ఫోన్లకు కార్తెల సమాచారం పంపే చిన్న ఆఫీసులో నన్ను ట్రయల్ మీద పెట్టుకున్నారు. ఆ శనివారం నన్ను ఉంచుకోవాలో పంపించాలో తేల్చాలి. అంతకుముందు మా సార్ ఒక్క పని అప్పజెప్పాడు: "గీ లైన్ ఏం చేస్తాందో చెప్పు. తప్పుంటే సరిచెయ్యి."

కంప్యూటర్ ప్రోగ్రాంలోని ఆ లైను రాసినాయన ఎప్పుడో వెళ్లిపోయాడు. మాటలకు బదులు గుర్తులతో రాసే భాష అది. ఎడమ పక్క అశ్విని నుంచి ఒక్కో కార్తె మొదలయ్యే తేదీల వరుస, కుడి పక్క మనం అడిగే తేదీ, నడుమ ఒకే ఒక గుర్తు. అడిగిన తేదీ ఎన్నో కార్తెలో పడుతుందో చెబుతుంది. కనీసం చెప్పాలి.

మృగశిరకు రెండు రోజుల ముందటి తేదీ ఇచ్చాను. నాలుగు అంది, అంటే రోహిణి. నాకు నచ్చలేదు. రోహిణి మొదలై చాలా రోజులైంది, మృగశిర గుమ్మంలో ఉంది. దగ్గరున్నదాన్ని చెప్పొద్దా? లెక్కల్లో డిగ్రీ చేసినవాడికి ఇలాంటి నమ్మకాలు తొందరగా కుదురుతాయి.

కుర్చీలో కూర్చోలేకపోయాను. దాహం లేకుండా నీళ్లు తాగాను. కిటికీ తెరిచాను, మూశాను. దగ్గరి తేదీని పట్టే లైనొకటి సొంతంగా రాశాను. అది మృగశిర అంది. హాయిగా అనిపించాలి. అనిపించలేదు. మళ్లీ కిటికీ తెరిచాను.

అప్పుడే కేతేపల్లి నుంచి మా బాపు ఫోన్ చేశాడు.

"ఇత్తనాలు తెచ్చి పెట్టిన. ఎప్పుడొస్తవ్‌రా?"

"మిరుగం వచ్చినట్టే గద బాపు. వస్త."

"ఏడ వచ్చింది? ఎల్లుండి గద సొచ్చేది."

"రెండు దినాలే గద. దగ్గర్ల పడ్డది."

"దగ్గర్ల పడ్డదని చేపలు ఇయ్యాల్నే తింటమా? సొచ్చేదాంక రోయిణే. మీ ఆఫీసుల గిట్ల వేరే లెక్క ఉన్నదా?"

"ఇంకో గంట ఆగితే ఉండేది" అన్నాను. ఆయన పట్టించుకోకుండా ఫోన్ పెట్టేశాడు.

నేను పెట్టలేదు, చెవి దగ్గరే ఉంచుకుని నిలబడ్డాను. సొచ్చుడు, అంటే లోపలికి అడుగుపెట్టడం. కార్తెను మేమెప్పుడూ దూరం కొలిచి చెప్పుకోలేదు. సొచ్చిందా లేదా అనే అడిగాం, మృగశిర సొచ్చిన రోజే చేపలు తిన్నాం. ఆ గుర్తు అడుగుతున్నదీ అదే: ఇప్పటికి సొచ్చినవాటిలో చివరిది ఏది? మృగశిర మొదలయ్యే రోజు ఇచ్చి చూశాను, మృగశిర. దానికి ముందురోజు, రోహిణి. నా లైను తుడిచేశాను. అది బయటికి పోయుంటే ఎన్ని ఊళ్లలో చేపల బేరం ముందే తెగేదో.

శనివారం సార్ తెర వంక చూసి, నా వంక చూశాడు.

"ఏం మార్చినవ్?"

"ఏం మార్చలె సార్."

"వారమంతా?"

"ఒకపారి మార్చిన. మళ్ల తీసేసిన. సొచ్చినదాన్నే చెప్తాంది, దగ్గరిదాన్ని కాదు. లైన్ మంచిగనే ఉన్నది."

ఆయన ఇంకో తేదీ కొట్టి చూశాడు.

"మరి అశ్విని కంటె ముందటి తేదీ ఇస్తె సున్నా వస్తాంది. ఏ కార్తె సొచ్చినట్టు అది?"

"అంటే... మన వరుసల ఇంక ఏదీ సొచ్చనట్టు సార్. నిరుటి రేవతి నడుస్తుంటది, గని అది మన వరుసల లేదు."

"అయితె సోమవారం వచ్చి ఆ రేవతిని వరుసల పెట్టు" అన్నాడు.