పగడాల దిబ్బా, గడ్డి బురదా

రేవులో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఓడల అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకడానికి పొద్దస్తమానం బుడుంగున మునుగుతుంటాడు కాబట్టి బుడుంగు మామ. నీళ్లలో మూసుకున్న నోటికి ఒడ్డెక్కాక పట్టపగ్గాలుండవు.

ఆ ఏడు మత్స్యశాఖవాళ్లు సముద్రంలో కొంత మేర వేట మాన్పించాలనుకున్నారు. రేవు జనం ఒక్కచోటికే ఒప్పుకున్నారు. దూరాన ఉన్న పగడాల దిబ్బా, రేవు పక్కనే గడ్డి మొలిచిన బురదా, రెంటిలో ఏదన్నదే ప్రశ్న. పరిశీలించడానికి వచ్చిన పరిశోధకురాలికి మామను తోడిచ్చారు.

మామ మనసంతా దిబ్బ మీదే. మొదట అక్కడికే తీసుకెళ్లాడు.

"చూశారుగా మేడమ్, ఆ రంగులు! ఇంకా బురద ఊసెందుకండీ?"

"బాగుంది బాబాయ్. ఇక్కడ వలలు వేస్తారా?"

"రాళ్లకు చిరిగిపోవూ? ఎవడూ వెయ్యడు."

"అయితే దీనికి ఇప్పట్లో భయం లేదన్నమాట. రేపు బురద చూద్దాం."

మామ మొహం మాడ్చుకుని ఇంటికెళ్లి భార్యతో మొర పెట్టుకున్నాడు. ఆమె వల చిరుగులు కుడుతూనే, "అందం చూసే ఎంచుకోవాలా? మరి నన్నేం చూసి చేసుకున్నావు?" అంది.

ఎటు చెప్పినా ముప్పేనని మామ మంచినీళ్లు అడిగాడు.

మర్నాడు బురదనీళ్లలో చాచిన చెయ్యి కనబడలేదు. ఆవిడ గడ్డిని పక్కకు తీసి, అతని చెయ్యి పట్టి దగ్గరికి లాగింది. దుబ్బు మొదట్లో గోరంత చేపపిల్లలు. కళ్లు తప్ప ఒళ్లంతా గాజు. పక్క దుబ్బులో రొయ్యపిల్లలు. ఏ దుబ్బు చూసినా పసివే. ఇన్నేళ్లూ వీటి మీదుగానే ఈదుకుంటూ పోయాడు.

"పెద్దయ్యాక ఇవే బయటి సముద్రానికి పోతాయి" అందావిడ పడవెక్కాక. "అడుగును ఊడ్చే వల ఒక్కసారి ఈడిస్తే అన్నీ సఫా. ఇక్కడ ఈడ్చేది రెండు మూడు ఇళ్లవాళ్లే. వాళ్లకు వేరే చోటు చూపిస్తే ఎవరి పొయ్యీ ఆరదు. ఒడ్డున కూర్చునే కాపలా కాయొచ్చు."



ఐసు గోదాములో జనమంతా కూడినప్పుడు మామ బురద పేరు చెప్పగానే, "బురదకు కాపలా ఏంటి మామా!" అని నవ్వారు.

"నేనూ దిబ్బే అన్నాను. దిగి చూశాక మాట మార్చుకున్నా. అది మన చేపల పురిటిల్లు" అన్నాడతను.

అక్కడ వల ఈడ్చేవాళ్లలో అతని బావమరిది ఒకడు. "సొంతవాళ్ల నోట్లోనే మట్టి కొట్టావు బావా" అని లేచిపోయాడు. జనం మాత్రం చివరికి బురదకే ఒప్పుకున్నారు. తూర్పు పాయలో చోటిచ్చినా బావమరిది నెలల తరబడి పలకరించలేదు. బురద చుట్టూ సరిహద్దు గుర్తుగా నీటి మీద తేలుళ్లు కడుతున్నన్నాళ్లూ మామకు అదే దిగులు.

ఓ ఉదయం తేలుడు తాడు బిగిస్తుంటే పడవొకటి వచ్చి పక్కన ఆగింది. బావమరిది.

"ఏదీ, ఆ పురిటిల్లేదో నాకూ చూపించు" అన్నాడు, చొక్కా విప్పుతూ.

మామ తన ఈత కళ్లద్దాలు తీసి అతనికిచ్చాడు.