విమానంలో ఎంగిలి మైకు

నా చిన్నప్పుడు కూడా నేనింతే, ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు. అయితే ఆ వారం మా కడప పక్క పల్లెల్లో కుదురుగా కూర్చున్న మనిషి ఒక్కరూ లేరు. శనిక్కాయ చేలకు బొంతపురుగు పట్టింది. ఒక చేను మేసి, గుంపుగా నడుచుకుంటూ పక్క చేనికి పోయేది. మందు చల్లడానికి చిన్న విమానం ఒకటి వచ్చి ఊరి అవతల మైదానంలో దిగింది. ముందు సీట్లో పైలట్, వెనక సీట్లో మా నాయన. ఏ చేను ఎక్కడ ముగుస్తుందో, కరెంటు తీగలు ఏ గట్టు మీదుగా పోతాయో చూపించేది మా నాయనే.

మొదటి రోజే ప్రాణాల మీదికి వచ్చింది. ఎదురుగా తీగలున్నాయని నాయన వెనక నుంచి ఎంత అరిచినా ఇంజన్ హోరులో పైలట్‌కు వినపడలేదట. భుజం మీద గుద్దితే ఉలిక్కిపడి విమానాన్ని పైకి లేపాడట. అది విన్న మా అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఒకరి మాట ఒకరికి వినపడే ఏర్పాటు చేస్తే తప్ప మళ్లీ ఎగరనని పైలట్ తేల్చి చెప్పాడు. రేడియో పెట్టె, మైకుతో సహా తలకు తగిలించుకునే హెడ్‌సెట్లు రెండు బస్సులో వచ్చాయి గానీ వాటిని బిగించే మనిషి రాలేదు. అప్పుడు మా జేజినాయనను పిలిచారు. జేజినాయన అంటే మా నాయనకు నాయన. పటాలంలో వైర్‌లెస్ పని చేసి వచ్చి, బజారులో రేడియోలు బాగుచేసేవాడు.

పొద్దున్నే ఆయన విమానంలోకి దూరాడు. కాళ్లు బయట, తల లోపల. రేడియో బిగించి, సీట్ల కింద నుంచి వైర్లు లాగి, అవి పైలట్ కాళ్లకూ, విమానం తిప్పే కడ్డీలకూ తగలకుండా కట్టాడు. ఇనుము కనపడేదాకా రంగు గీకి ఎర్త్ వైరు బిగించాడు. పైలట్ పక్కనే నిలబడి, రేడియోతో వచ్చిన కాగితంలోని బొమ్మ చూసి చెబుతున్నాడు. చుట్టూ రైతులు కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు.

"ఇంగ ఎంతసేపప్పా? ఆడ పురుగు మేస్తానే ఉండాది," అని అడగని మనిషి లేడు.

ఆయన ఒక్కో మరనూ రెండేసిసార్లు బిగించి చూసేవాడు. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్లు మండింది. పని తొందరగా అయిపోవాలని ఉంది, అయిపోతే నాయన ఆ విమానం ఎక్కుతాడని భయంగానూ ఉంది. రెండింటి మధ్య నా కాళ్లు నిలవలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక ఇంజన్ వేసి చూశారు. పైలట్ మాట నాయనకు చక్కగా వినపడింది. నాయన మాట పైలట్‌కు వినపడలేదు, ఒకటే హోరు. జేజినాయన అన్నీ విప్పి మళ్లీ బిగించాడు. అంతే. హెడ్‌సెట్లు అటుదిటు మార్చాడు. అప్పుడూ అంతే. నాయన మెడనరాలు ఉబ్బేట్టు అరిచాడు. ముసలాయన చేత కాదులే అని వెనక ఎవరో గొణిగారు. ఇంకా గట్టిగా అరుచు నాయనా అని కింద నుంచి నేనూ అరిచాను.

ఈసారి జేజినాయన వైర్ల జోలికి పోలేదు. రెక్క మీదికెక్కి కొడుకు మొహం చూశాడు. మైకు పెదాలకు ఆనించి మాట్లాడాలి, దూరం పెడితే దానికి ఇంజన్ హోరే అందుతుంది. మా నాయన దాన్ని గడ్డం కిందికి తోసి పెట్టుకున్నాడు. ఎందుకంటే ఆ రెండు మైకులనూ పొద్దున పైలటే పెదాలకు ఆనించి చూశాడు. చెంబుతో నీళ్లయినా ఎత్తి పోసుకుని తాగే మనిషి మా నాయన. మన చేలు కాపాడడానికి వచ్చినవాడి మొహం మీద, నీ ఎంగిలి నాకొద్దని ఎలా చెబుతాడు?

జేజినాయన ఆ ఊసే ఎత్తలేదు. ఇంజన్ ఆపించి, నన్ను పిలిచి రెక్క మీద నిలబెట్టాడు. మైకును తన తువ్వాలుతో తుడిచి, హెడ్‌సెట్ నా తలకు తగిలించి, పెదాలు ఆనించి మీ నాయనకు ఏమన్నా చెప్పమన్నాడు.

"నాయనా, తీగలుంటాయి, పైలం," అన్నాను. జాగ్రత్త అని చెప్పడమే, ఏడుపొచ్చేసింది. ముందు సీట్లో పైలట్ వినపడిందని చెయ్యెత్తాడు.

జేజినాయన అది తీసి కొడుకు చేతికిచ్చాడు. "ఇదో, నీ కూతురు ఎంగిలి చేసిందిరా. కడిగియ్యమంటావా?"

అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే మైకును పెదాలకు ఆనించుకున్నాడు. మళ్లీ ఇంజన్ వేశారు. నాయన అరవలేదు, మామూలుగా ఏదో అన్నాడు. పైలట్ వెనక్కి తిరిగి తల ఊపాడు.

విమానం లేచింది. చేల మీద కిందికి దిగినప్పుడల్లా అమ్మ వేళ్లు నా భుజంలోకి దిగేవి. తీగలు ఇంకా దూరముండగానే అది ముక్కెత్తి పైకి లేచేది, అమ్మ పట్టు సడలేది. ఎన్నిసార్లు అట్లా జరిగిందో లెక్క తెలియదు. పొద్దు వాలేవేళకు నాయన కిందికి దిగి, నీళ్లు కావాలన్నాడు.

నాయనను తిట్టకుండా నన్నెందుకు పిలిచావని ఇంటికి పోయేటప్పుడు జేజినాయనను అడిగాను.

"పదిమందిలో చెప్పుకోలేనిది ఒకటి గొంతులో ఇరుక్కోనుంటాది పాపా. తిడితే ఇంగా లోపలికి పోతాది," అన్నాడు.

పెద్దయ్యాక నందికొట్కూరు ఆసుపత్రిలో నర్సుగా చేశాను. మాత్రలు మింగనివాళ్లు, చెప్పిన రోజుకు రానివాళ్లు, కళ్లు దించుకుని నిలబడేవాళ్లు శానామంది వచ్చేవారు. నాకసలే ఓపిక తక్కువ, తిట్టు నాలుక చివరే ఉంటుంది. ఇప్పటికీ, ఇంట్లో పిల్లలతో కూడా అంతే. ఆ తిట్టును మింగి, ఈ మనిషి నాకు చెప్పలేకపోతున్నది ఏమిటా అని వెతుకుతాను. అన్నిసార్లూ దొరకదు. దొరికిన రోజు మాత్రం, మా నాయన ప్రాణాలతో కిందికి దిగి నీళ్లడిగినట్టే ఉంటుంది.