ఇత్తడి సాగుతదంటే మా ఇంట్ల నవ్విండ్రు

మా చిన్నప్పుడు... లాల్‌దర్వాజా ఇంట్ల నల్లా కాడ పీటేసుకొని, చింతపండుతోని ఇత్తడి తోముకుంట కూసునేదాన్ని. అమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చినోళ్లందరికీ ఇదే చెప్తది... "మా పిల్లకు చిన్నప్పటిసంది గిన్నెలు మెరిపిచ్చుడంటే పానం."

గిన్నెలు కావు. ఖోకాలు. రైఫిల్ పేలినంక మిగిలే ఇత్తడి గొట్టాలు. నా అసలు పని తోముడు గాదు, కొలుసుడు. ఇన్నేండ్లయినా ఒక్కరి చెవికెక్కలె.

ఇప్పుడెందుకు చెప్తున్ననంటే... బాపు పోయిండు. ఆయన రైఫిల్ ఠాణాల జమ ఉన్నది. లైసెన్స్ అన్న పేరు మీదికి పోవాల్నట, నాకేం అభ్యంతరం లేదని సంతకం పెట్టాల్నట. "నేను గూడ అర్జీ పెడ్త" అంటే ఇంట్ల అందరు నవ్విండ్రు.

బాపుకు ఉస్మాన్‌గంజ్‌ల పప్పుల దుకాణం. ఐతారం వస్తే గురి చూసి కొట్టే నిశానా పోటీలు. తూటాలు ఇంట్ల నింపుకునేటందుకు పర్మిషన్ గూడ ఉండె. పేల్చినప్పుడల్లా, మళ్ల అచ్చుల ఒత్తినప్పుడల్లా ఖోకా జరంత సాగుతది... కంటికి ఆనది, కొలిచే వెర్నియర్‌కు ఆనుతది. హద్దు దాటితే మూతి కత్తిరియ్యాలె. లేకుంటే రైఫిల్ల సరిగ్గ కూసోదు. బలవంతంగ మూసి పేలిస్తే రైఫిలే పగలొచ్చు, పట్టుకున్నోడి మొఖం గూడ.

పొడుగైనవాటిని నేను పాత ఆవకాయ జాడీల ఏసి పక్కకు పెట్టేదాన్ని. నేను కొలిచినంక బాపు మళ్ల చూడకపోతుండె.

ఒకసారి పోటీకి తూటాలు తక్కువ వడ్తయని, అన్న ఆ జాడీని మంచి ఖోకాల మీద బోర్లిచ్చిండు.

"అన్నా, అవి సాగినయే!"

"ఇత్తడి సాగుతదా? ఏందే, పొట్లకాయనా?"

అమ్మ పకపకా నవ్వింది. బాపు తెల్వక అన్నీ నింపిండు.

పోటీ నడుమ రైఫిల్ మూసుకోలె. బాపు తెలివైనోడు, బలవంతంగ మూయలె... ఊకె దించి వాపస్ వచ్చిండు. దోస్తుల ముంగట ఇజ్జత్ పోయిందని వాకిట్లనే లొల్లి. నేను జాడీ ముచ్చట చెప్పిన. అన్న మిర్చిబజ్జి నములుకుంటనే అన్నడు, "దానికి తోముడొస్తది బాపూ, కొలుసుడు ఎక్కడొస్తది?"

"ఆడివిల్ల చేతికిచ్చిన సూడు, నాది బుద్ధితక్కువ" అని బాపు వెర్నియర్ తీసి అన్న చేతుల పెట్టిండు.

నాకు చింతపండు మిగిలింది. అగో... అమ్మ చెప్పే కథ అక్కడ మొదలైంది.

మొన్న బాపు ఖోకాల డబ్బాను అన్న బయటికి తీసిండు. "కొలిచినవా?" అని అడిగిన.

"మస్తు మెరుస్తున్నయి గదనే, ఇంక ఫికరేంది?"

ఈయన చేతికి రైఫిల్ పోవాల్నట.

ఆ నల్లా లేదు, ఆ పీట లేదు... ఇంట్ల అంతా స్టీలే. మాటలు మాత్రం అయ్యే. మీరు చేసిన పనికి మీ ఇంట్ల ఇంకేదన్న పేరు పెట్టిండ్రా? కింద రాయుండ్రి. "ఆడివిల్లకు రైఫిలెందుకమ్మా" అనేటోళ్లు మాత్రం రాయకుండ్రి.

సంతకం పెడ్తలేను. నిన్న నా పేరు మీద అర్జీ ఇచ్చొచ్చిన.