బుట్టలోది

ఇరవై ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. నోరున్న మనిషినని ఊరంతా చెప్పుకునే నాకు ఇలాంటి గతి పట్టిందంటే నన్నెరిగినవాళ్ళు నవ్వుతారు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది పల్నాడులో కృష్ణ ఒడ్డు ఊరు. మాచర్లలో రైలు దిగిన సరుకు బండ్ల మీద మా రేవుకు వచ్చి, బల్లకట్టెక్కి అవతలికి పోయేది. అవతల నైజాం. అలాగని మాకేమీ పరాయి దేశం కాదు. పిల్లనిచ్చే ఊళ్ళు, ఎద్దుల్ని కొనే ఊళ్ళు. స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు మాత్రం నిజంగానే పరాయిదైంది. నైజాం మనలో కలవనన్నాడు. మనవాళ్ళు సరుకు ఆపేశారు. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు, ఏదీ ఏరు దాటకూడదు. మనుషులు దాటవచ్చు, సోదా అయ్యాక. రేవులో చౌకీ వెలిసింది.

నైజాం నవాబు పళ్ళెంలో ఉప్పు తగ్గిందని నేననుకోను. మా పక్కింటి కోటమ్మత్త కూతురి పళ్ళెంలో తగ్గింది. ఆ పిల్లను అవతలి ఒడ్డున ఇచ్చారు. పచ్చి బాలింత, చప్పిడి గంజి తాగుతోందని కబురొచ్చింది.

బల్లకట్టు నడిపే మస్తాను మామ అప్పుడొక ఉపాయం చేశాడు. గోనెపట్టాలను చిక్కటి ఉప్పునీళ్ళలో నానేసి, ఎండలో ఆరబెట్టి, జనం కూర్చోవడానికి బల్లకట్టు మీద పరిచేవాడు. అవతల దిగేవాళ్ళు తలా ఒక పట్టా చుట్టుకుని పోయేవారు. ఇంటికెళ్ళి వేడినీళ్ళలో పిండి, మట్టి తేరాక ఆ నీళ్ళతోనే వంట.

మా వైపు దీపాలు పెట్టాక ఉప్పును ఉప్పనరు. లక్ష్మి వెళ్ళిపోతుందని 'బుట్టలోది' అంటారు. ఆ రోజుల్లో మా రేవు పట్టపగలే ఆ మాట పట్టుకుంది. "బుట్టలోది ఉందా మస్తానూ?" "ఉంది, ఎక్కండెక్కండి!" చౌకీ అధికారి అరవదేశం నుంచి వచ్చినవాడు, తెలుగు కూడబలుక్కునేవాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆడవాళ్ళ బుట్టలన్నీ కుమ్మరించేవాడు. గోంగూర, వంకాయలు. వెతికి వెతికి అలిసిపోయి, ఆ గోనెపట్టా మీదే చతికిలబడి, మస్తాను మామ నిప్పు అందిస్తే చుట్ట కాల్చుకునేవాడు. అతని కింద ఉన్న మనవైపు జవాన్లకు సంగతి తెలుసు. వాళ్ళూ అవతలికి పిల్లల్నిచ్చినవాళ్ళే. నోరు కుట్టేసుకున్నారు.

నేను కుట్టుకోలేకపోయాను.

ఒక మధ్యాహ్నం ఆ అధికారి మా అరుగు మీద కూర్చున్నాడు. నాన్న మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళారు. నేను గుంటూరులో బి.ఎ. అయ్యి వచ్చి ఊళ్ళో పిల్లలకు పాఠాలు చెబుతున్న రోజులవి.

"మీరు కాలేజీ చదివినారు. ఆ బుట్టలో ఏముందో మీకు కూడా తెలియదు?" అని నవ్వాడు.

ఆ 'కూడా' నన్ను కాల్చింది. "బుట్టలోది అంటే ఉప్పండీ. మావాళ్ళ మూఢనమ్మకం," అన్నాను.

"బుట్టలో ఉప్పు లేదే?"

"బుట్టలోనే ఉండాలని రూలుందా? రోజూ దానిమీదే కూర్చుని రేవంతా వెతికితే ఏం దొరుకుతుంది?"

నాన్న మజ్జిగతో వచ్చేసరికి అతను నవ్వడం మానేశాడు.

నోరు జారిందా? చాలా ఏళ్ళు నాతో నేను అలాగే వాదించుకున్నాను. కానీ జారేది మొదటి మాటే. రెండోది అన్నప్పుడు నేనేం అంటున్నానో నాకు తెలుసు. ఈ పల్లెటూళ్ళో తెలివైనది ఇదొక్కతే అని, ఎక్కణ్ణించో వచ్చిన ఆ మనిషి ఒక్క క్షణం అనుకోవాలనిపించింది. అంతే. చట్టం మీద గౌరవమనో దేశభక్తి అనో అంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

మర్నాడు అతను పట్టా మీద చెంబెడు నీళ్ళు పోయించి, వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. పట్టాలన్నీ ఏట్లో పారేయించాడు. బల్లకట్టుకు గొలుసు వేయించాడు. చంకలో పట్టాతో దొరికిన కోటమ్మత్తను పొద్దుగూకేదాకా చౌకీలో కూర్చోబెట్టాడు. వదలగానే ఆమె నలుగురి మధ్యా మస్తాను మామ మీద పడింది.

"మా ఉప్పు తిన్నావు గదరా! వాడికి చుట్ట ముట్టిచ్చి మరీ చెప్పావా? నీ నోట్లో మన్నుపడ! ఎంతైనా నీ చూపు ఆ ఒడ్డు మీదేలే!"

రజాకార్ల భయంతో జనం నిద్ర లేకుండా ఉన్న రోజులు. మస్తాను ముసల్మాను. ఆ చివరి మాటతో ఊరు తీర్పు చెప్పేసింది. నైజాం మనిషైతే నైజాంకు పోయే ఉప్పును తానే ఎందుకు పట్టిస్తాడు? పట్టించినవాడి బల్లకట్టుకే గొలుసు ఎందుకు పడుతుంది? రెండే ప్రశ్నలు. పలకా బలపం పట్టిన పిల్ల కూడా అడగగలిగినవి. గట్టు తగాదాల్లో మగవాళ్ళ నోళ్ళు మూయించిన నేను అక్కడే నిలబడి, నా కాలి బొటనవేలు చూసుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత మస్తాను మామ మా గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మాయ్, నువ్వు మాట్టాడితే ఊరు నోరెత్తదు. మస్తాను చెప్పలేదని నాలుగు మాటలు చెప్పమ్మా. నీ అంత వాదించేటోళ్ళు మనకెవరున్నారు?"

"నాకేం తెలుసు మామా? నేను చూశానా, విన్నానా?"

"చూడకపోతే ఏందిలే. నన్నెరుగుదువు గదా."

"ఎరిగినంత మాత్రాన సాక్ష్యమవుతుందా?"

అతను తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "చదువుకున్నదానివి. నువ్వన్నదీ నిజమేలే," అని మెట్లు దిగాడు.

అందులో ఎత్తిపొడుపు ఉందా అని ఎన్నిసార్లు తిప్పి చూశానో. లేదు. నా మాట నమ్మాడు. చెప్పింది నేనేనని తెలిసి అన్నా ఇంత బరువుండేది కాదు.

ఆ వానాకాలంలోనే అతను భార్యను తీసుకుని రొంపిచెర్ల వైపు రాళ్ళు కొట్టే పనికి వెళ్ళిపోయాడు. ఆ వెనకే సైన్యం అవతలికి వెళ్ళింది, నైజాం కలిసిపోయింది, ఉప్పు బస్తాలు బండ్ల మీద బాహాటంగా ఏరు దాటాయి. బల్లకట్టు వేరేవాళ్ళ చేతికి వచ్చింది. ఎవరూ అతనికి కబురు పెట్టలేదు. అక్కడే పోయాడని తర్వాత విన్నాను. కోటమ్మత్తా పోయింది, ఆఖరి దాకా మస్తానును తిట్టుకుంటూనే. మా ఇంట్లో నా చేతి మజ్జిగ తాగుతూ తిట్టేది. నేను గ్లాసు మళ్ళీ నింపేదాన్ని.

ఇప్పుడు రేవులో వంతెనకు స్తంభాలు లేస్తున్నాయి. బల్లకట్టు ఎలా ఉండేదో పిల్లలకు తెలియదు. కానీ మా ఊళ్ళో రహస్యం దాచలేనివాడిది ఇప్పటికీ 'మస్తాను నోరు'. ఆ మస్తాను ఎవరో అనేవాళ్ళకే తెలియదు. మొన్న అన్నాల దగ్గర నా కూతురు తమ్ముణ్ణి చూపించి, "వాడి ముందు చెప్పకమ్మా, వాడిది మస్తాను నోరు," అంది. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. అట్లా అనకూడదన్నాను. "ఎందుకనకూడదు?" అంది. నా కూతురే కదా, ఊరుకోదు. అన్నంలో ఉప్పు చాలలేదని లేచిపోయాను.

ఇలాంటివి రాసేటప్పుడు పేర్లు మార్చాలంటారు. మారిస్తే ఎవరి పేరు కడిగినట్టు? అందుకే మస్తాను అనే రాశాను. మస్తాను చెప్పలేదు. చెప్పింది నేను.

రాశాక గొంతు కాస్త తెరిపిన పడింది, అది మీ దగ్గర దాచను. కానీ అడుగున సంతకం చేద్దామని కలం దించినచోట చెయ్యి మళ్ళీ ఆగింది. చూశారుగా, ఇప్పుడు కూడా ఈ కాగితం మీద ఉన్నది అతని పేరే.