ఇంజను వైపు నుంచి మూడంకెలు

ఉప్పుగూడ స్టేషనులో ప్లాట్‌ఫారం చివరి సిమెంటు బెంచీ మీదికి సాయంత్రం నాలుగున్నరకు నీడ వస్తుంది. రిటైరైన తర్వాత పుస్తకం పట్టుకుని అక్కడికి వెళ్లడం నాకు అలవాటైంది. డానియేలును మొదట చూసింది అక్కడే. చూసిన రోజు ఆయన ఏం చేస్తున్నాడో నాకు బొత్తిగా అర్థం కాలేదు.

కంచె అవతల ఏడెనిమిది మంది పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. సిగ్నల్ దొరకని గూడ్సు బండి ఒకటి నడకంత వేగంతో కదులుతోంది. ఒక్కో డబ్బా ముందుకు రాగానే పిల్లలు గొంతెత్తి అరుస్తున్నారు.

"పోదు!"

"పోదు!"

"పదమూడుకు పోతది!"

వాళ్ల వెనక తెల్లజుట్టు మనిషి చేతులు కట్టుకుని, రైలునే చూస్తూ తల ఊపుతున్నాడు. బండి వెళ్లిపోయాక నేను ఉండబట్టలేక అడిగాను, ఎక్కడికి పోతుందని.

"భాగం పోతదా లేదా అని, అన్నా. డబ్బా మీద నంబరుంటది గద. ఏడుకు, పదకొండుకు, పదమూడుకు, శేషం లేకుండ పోతదా అని చెప్పాలె. ఇంకో డబ్బా వచ్చేలోపల!"

ఒక్కో నంబరుకు పదకొండు అంకెలు. నేను కాగితం మీద చేసినా ఐదు నిమిషాలు పడుతుంది. గౌను జేబులో చేతులు పెట్టుకున్న ఏడో తరగతి పిల్ల నాలుగు ఊపిర్లలో చెప్పేస్తోంది. ఆ రోజు నా పుస్తకంలో ఒక్క పేజీ కూడా తిరగలేదు.

డానియేలు పదో తరగతి తప్పాడు. రైల్వేలో పట్టాల పనికి చేరి, తర్వాత గూడ్సు యార్డులో నంబర్ టేకరయ్యాడు. వచ్చిన ప్రతి బండి పక్కనా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడుస్తూ, డబ్బాల నంబర్లు కాగితం మీద ఎక్కించుకోవడం ఆ పని. వానైనా ఎండైనా అదే నడక. రాజన్న అనే సీనియరు ఆయనకు ఒక ఆట నేర్పాడు. అప్పట్లో వాళ్ల యార్డుకు వచ్చేవి ఎక్కువగా ఆరంకెల నంబర్లే. దాన్ని మూడంకెల చొప్పున రెండు ముక్కలు చెయ్యి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్. మిగిలింది ఏడుకు పోతే మొత్తం నంబరూ ఏడుకు పోతుంది. పదకొండుకూ అంతే, పదమూడుకూ అంతే. 4,85,464 ఉందనుకోండి. నాలుగు వందల ఎనభై ఐదులోంచి నాలుగు వందల అరవై నాలుగు తీస్తే ఇరవై ఒకటి. ఏడుకు పోతుంది. కాబట్టి ఆ నాలుగున్నర లక్షల చిల్లర నంబరూ పోతుంది. నేను ఇంటికి వెళ్లి భాగించి చూశాను. పోయింది! అరవై ఏళ్లు దాటిన మనిషిని, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

యార్డులో ఏ లెక్కైనా ఇంజను వైపు నుంచే. ఇంజను పక్కది ఒకటో డబ్బా, దాని వెనకది రెండోది. అందుకని రాజన్న నంబరును కూడా మొదటి అంకె నుంచి, అంటే ఎడమ నుంచి, మూడేసిగా విరిచేవాడు. డానియేలు కూడా అట్లాగే నేర్చుకున్నాడు. డబ్బాల మీద పదకొండు అంకెలు వచ్చాక కూడా అదే పద్ధతి నడిపించాడు. మొదటి ముక్కలోంచి రెండోది తియ్, మూడోది కలుపు, నాలుగోది తియ్. రిటైరయ్యాక పదకొండేళ్లుగా బస్తీ పిల్లలకు నేర్పుతున్నది ఇదే. నేర్చుకున్న ప్రతి ఒక్కరి పేరూ ఒక పాత నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడు.

పిల్లల్లో నందిని అందరికంటే చురుకు. వాళ్ల ఇంట్లో బర్రెలున్నాయి, పొద్దున్నే పాలు పోసి బడికి వెళ్తుంది. తొమ్మిదో తరగతి. ఆ పిల్ల చెప్పగా విని వాళ్ల లెక్కల మాస్టారు రవీందర్, ఒకసారి వచ్చి క్లాసులో చూపించమని డానియేలును పిలిచాడు.

ఆ రోజు నన్నూ తోడు రమ్మన్నాడు. తెల్లచొక్కా, నల్ల బూట్లు. ఆయన భార్య ఆగమ్మ గుమ్మంలో నిలబడి నవ్వింది. "పెండ్లికొడుకు లెక్క తయారైండు! పది తప్పినోణ్ని బడికి పిలుస్తున్నరు, చూసినవా అన్నా?"

"తప్పింది సోషల్ల. లెక్కలల్ల కాదు," అన్నాడాయన, బూటు లేసు కట్టుకుంటూ.

క్లాసులో నేను చివరి బల్ల మీద కూర్చున్నాను. ఆరంకెల నంబర్లు పిల్లలు ఏవి ఇచ్చినా డానియేలు అలవోకగా చెప్పేశాడు. చప్పట్లు కొట్టారు. రవీందర్ కూడా ముచ్చటపడి, "ఇంకొంచెం పెద్దది ఇస్త సార్," అని బోర్డు మీద రాశాడు. 2,41,97,523.

డానియేలు ఎడమ నుంచి విరిచాడు. 241, 975, 23. తీసి, కలిపి, "ఏడుకు పోదు," అన్నాడు ధీమాగా.

రవీందర్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. నందిని మటుకు లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, మామూలుగా ఏడుతో భాగించడం మొదలుపెట్టింది. ఒక్కో అంకే పైన పడుతోంది. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. కింద సున్నా.

"పోయింది తాతా," అంది మెల్లగా.

ఎవరో కిసుక్కుమన్నారు. డానియేలు బోర్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. రవీందర్ కంగారుగా, "కుడి నుంచి విరవాలె సార్, అంతే. చిన్న పొరపాటు," అన్నాడు. కుడి నుంచి 523, 197, 24. ఐదు వందల ఇరవై మూడులోంచి నూట తొంభై ఏడు తీసి, ఇరవై నాలుగు కలిపితే మూడు వందల యాభై. ఏడు యాభైలు.

ఆరంకెలైతే ఎటు నుంచి విరిచినా అవే ముక్కలు. అందుకే యార్డులో తప్పు ఎప్పుడూ బయటపడలేదు. పదకొండు అంకెలైతే ముక్కలు మారిపోతాయి. కానీ కంచె దగ్గర బండి వెళ్లిపోయేది, జవాబు దానితోపాటే వెళ్లిపోయేది. భాగించి చూసిందెవరు?

నాలుగు రోజులు ఆయన కంచె దగ్గరికి రాలేదు. పిల్లలు వచ్చి, నన్ను అడిగి, తిరిగి వెళ్లారు. ఐదో రోజు నేనే ఇంటికి వెళ్లాను. నేల నిండా చాక్‌పీసు అంకెలు. మధ్యలో డానియేలు.

"కూసో అన్నా. వెయ్యిన్నొకటిని ఏడుతోని భాగించు."

చేశాను. నూట నలభై మూడు.

"దాన్ని పదకొండుతోని."

పదమూడు. నేను చాక్‌పీసు కింద పెట్టేశాను.

"నలభై ఏండ్ల సంది ఈ మూడు నంబర్లు నా ఎంబడి తిరుగుతున్నయ్. ఏ ఇంట్ల ఉంటరు మీరు అని ఒక్కనాడు అడగలే!" ఆయన నేల మీది 1001 చుట్టూ గీత గీశాడు. "వెయ్యి అంటే ఏంది? వెయ్యిన్నొకటికి ఒకటి తక్కువ. నూట తొంభై ఏడు వేలంటే నూట తొంభై ఏడు తక్కువ. అందుకే ఆ ముక్కను తీసేసుడు. ఇగ పది లక్షల కాడికి రా. దానికి ఒకటి తక్కువైతే ఆరు తొమ్మిదులు. అవి వెయ్యిన్నొకటికి సరిగ్గ పోతయ్! అంటే ఇక్కడ ఒకటి ఎక్కువ. అందుకే కలుపుడు. తీసుడు, కలుపుడు, తీసుడు. ఎంత పెద్ద నంబరైనా గంతే. కానీ వేలు, లక్షలు కుడి దిక్కు నుంచి మొదలైతయ్. నేను ఇంజను దిక్కు నుంచి పట్టుకున్న."

చాలా పుస్తకాలు చదివిన నాకు ఆ నేల మీద అంకెల మధ్య కాలు పెట్టడానికి భయమేసింది.

"రేపు పిల్లలకు చెప్పు ఇదంతా," అన్నాను.

"చెప్త. కానీ ముందుగాల వీళ్లకు చెప్పాలె." పాత నోటుబుక్కు తీశాడు. ఇదివరకు నేర్చుకుని వెళ్లినవాళ్లవి యాభై మూడు పేర్లు. "అందరికీ చెప్పేదాక కంచె కాడికి రాను. నా తప్పు వల్ల ఎవరికన్న నష్టమైతే, నాకు చెప్పే హక్కే లేదు."

లోపలి నుంచి ఆగమ్మ అంది: "యాభై మంది ఇండ్లకు పోయి ఎడమ కాదు కుడి, ఎడమ కాదు కుడి అంటడట! ట్రాఫిక్ పోలీసు లెక్క."

"ఫోన్ల చెప్పొచ్చు కదా?" అన్నాను.

"ఎదురుంగ కూసొని ఒక లెక్క చేయించాలె అన్నా."

నెల రోజులు తిరిగాడు. కొన్నిసార్లు నేనూ వెళ్లాను. పురానాపూల్‌లో స్వీటీ అనే అమ్మాయి పెళ్లయి ఉంటోంది. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని, "దీనికోసం వచ్చినవా తాతా?" అని పకపకా నవ్వింది. నవ్వి, లెక్క చేసింది. సున్నా రాగానే నవ్వడం మానేసి ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. నోటుబుక్కులో ఒక్కో పేరు పక్కన టిక్కు పడుతోంది. చివరికి ఒకే పేరు మిగిలింది. పింటూ.

ఆ పేరును డానియేలు కావాలనే చివరికి పెట్టుకున్నాడని నాకు దారిలో తెలిసింది. పింటూ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసి, సీటు రాక చదువు మానేశాడు. ఇప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి దుకాణంలో కాంటా దగ్గర పని చేస్తున్నాడు.

మిరప ఘాటుకు తుమ్ముతూ లోపలికి వెళ్లాం. పింటూ పరుగెత్తుకొచ్చి బస్తా మీద గుడ్డ పరిచాడు. "సార్! మీరు ఇక్కడ? కూసోండ్రి, చాయ్ చెప్త."

డానియేలు కూర్చోలేదు. "పాలిటెక్నిక్ పరీక్షల ఏడుతోని భాగించే లెక్క వచ్చిందారా?"

"ఆరేండ్ల కిందటి ముచ్చట సార్..."

"వచ్చిందా?"

పింటూ నా వైపు, మళ్లీ ఆయన వైపు చూశాడు. "వచ్చింది. పెద్ద నంబరు. మీరు చెప్పినట్టే చేసిన. బయటికొచ్చినంక తప్పని తెలిసింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీరు తప్పు చెప్తరా సార్? నేనే తీసుడుల తప్పినననుకున్న."

డానియేలు ముఖం చూడలేక నేను కాంటా వైపు తిరిగాను. ఆయన, "ఎడమ కాదురా. కుడి. తప్పు నాది. సీటుకు ఎన్ని మార్కులు తక్కువైనయ్?" అన్నాడు.

"నలభై."

"నలభైయా?"

"అండ్ల ఒక్కటి మీది సార్. ముప్పై తొమ్మిది నావి. ఫికర్ చెయ్యకుండ్రి." పింటూ నవ్వి, నేల మీద గొంతుక్కూర్చున్నాడు. "ఇగ అసలుది చెప్పుండ్రి. కుడి నుంచి ఎట్ల?"

డానియేలు జేబులోంచి చాక్‌పీసు తీసి, పింటూ ఎదురుగా మెల్లగా కూర్చుని, ఆ రెండు కోట్ల నంబరు రాశాడు. పింటూ విరిచాడు, తీశాడు, కలిపాడు. మూడు వందల యాభై. తర్వాత వెయ్యిన్నొకటి కథ వచ్చింది. సాయిలు అనే ముసలి హమాలీ భుజం మీద బస్తాతోనే ఆగి వింటున్నాడు. అంతా అయ్యాక బస్తా దించి, చెమట తుడుచుకున్నాడు.

"ఏడు, పదకొండు, పదమూడు... మూడూ ఒక్కదాంట్లనేనా? గట్ల ఎవరు పెట్టిన్రు భాయ్?"

డానియేలు ఆదివారం ప్రార్థన తప్పని మనిషి. ఏం చెబుతాడో నాకు తెలుసనుకున్నాను. ఆయన నేల మీది అంకెల వైపు చూశాడు.

"ఎట్ల చెప్పాల్నో తెల్వదు సాయిలన్నా. నేను పదకొండేండ్లు దాన్ని తప్పు దిక్కు నుంచి పట్టుకున్న. అప్పుడు గూడ అది అట్లనే ఉండె. ఏమనలే."

సాయిలు ఆ అంకెలు తొక్కకుండా చుట్టూ తిరిగి, బస్తా ఎత్తుకుని వెళ్లాడు.

మర్నాడు సాయంత్రం కంచె దగ్గర పిల్లలు నిలబడ్డారు. గూడ్సు వచ్చింది. ఇప్పుడు అరుపు ఒక అర క్షణం ఆలస్యంగా వస్తోంది, చివరి అంకె కనపడేదాకా ఆగాలి కదా. నందిని చేతిలో కొత్త నోటుబుక్కు ఉంది. బండికొక్క నంబరైనా రాసుకుని భాగించి చూడాలని డానియేలు కొత్త నియమం పెట్టాడు.

"పోతది!" అని అరిచింది నందిని. రాసుకుంది. చివరి డబ్బా మలుపు తిరిగేలోగా భాగించి, పుస్తకం పైకెత్తి చూపించింది. కింద సున్నా.

డానియేలు ఆ పుస్తకం అందుకుని, నా పక్కన బెంచీ మీద కూర్చుని, మొదటి అంకె నుంచి తానే మళ్లీ భాగించడం మొదలుపెట్టాడు.